సేనాని రేమండు: జీవితము, సమాధి

మన బన్సీలాల్‌పేటనుండి మూసీనది దాటి సరూర్‌నగరు దిక్కుగా పోయినచో ఒక గుట్టపై నల్లరాతి స్తంభమొకటి కలదు. ప్రాచీన ఐగుప్తు దేశపు స్తంభముల పోలికతో సుమారు 23 అడుగుల యెత్తున నిలిచిన యీ కట్టడము మిషెల్ జోకిం మరీ రేమండు అను ఫ్రెంచి సేనాని సమాధి. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

రేమండు 1755లో ఫ్రాన్సు దేశమందలి గాస్కనీ ప్రాంతమున జన్మించెను. ఇరువదియేండ్ల ప్రాయమున వర్తకమునకై పుదుచ్చేరి చేరి, పిదప తక్కెడ విడిచి కత్తి పట్టెను. 1783లో బుస్సీ దొరకు సహాయాధికారి యయ్యెను. 1785లో బుస్సీ మరణించిన పిమ్మట హైదరాబాదునకు వచ్చి నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను. మొదట కొలది సిపాయిలతో ఆరంభమైన ఆయన సైన్యము క్రమముగా సుమారు 14,000 మందికి పెరిగెను. ఆయన ఫిరంగులు పోత పోయించిన తావును నేటికిని గన్‌ఫౌండ్రీ యని పిలుచుచున్నారు.

1795 మార్చిలో ఖర్డాయొద్ద నిజాము మహారాష్ట్రులచే ఓడినను, రేమండు దళములు ధైర్యముతో పోరాడెను. ఆ యేడే రాజకుమారుడు అలీజా తిరుగబడగా, రేమండు వెడలి ఆ కలహమును అణచెను.

1798 మార్చి 25వ తేదీన ఆయన ఆకస్మికముగా మరణించెను. విషప్రయోగమని పలువురు అనుమానించిరి గాని, నిజము తేలలేదు. ముస్లిములు ఆయనను మూసా రహీమనియు, హిందువులు మూసా రాముడనియు ఆదరముతో పిలిచిరి. మూసారాంబాగు పేటకు ఆ పేరే నిలిచినది. ఆయన మరణదినమున జనులు సమాధియొద్ద దీపములు వెలిగించు వాడుక చాలకాలము సాగెను.

ఆయన కట్టిన సైన్యము మాత్రము ఆ యేడు దాటలేదు. 1798 సెప్టెంబరు 1న నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరులో ఫ్రెంచి దళముల ఆయుధములు తీసివేయబడెను. వాని స్థానమున వచ్చిన ఆంగ్ల సేనల దండు విడిది 1806లో సికందర్‌జా పేరిట సికింద్రాబాదయ్యెను. కావున మన పట్టణపు పుట్టుకకును ఆ గుట్టపై నున్న సమాధికిని సంబంధము కలదు.

సమాధి ప్రక్కనున్న స్తంభముల మంటపము 2001లో వానలకు కూలి, తరువాత మరల కట్టబడెను. చెత్తతో పూడియుండిన మన బన్సీలాల్‌పేట మెట్లబావియు 2022లో బాగుపడెను. రాతి కట్టడమైనను కాపాడువారు లేనిదే నిలువదని యీ రెండును బోధించుచున్నవి. బాలబాలికలు ఆ గుట్టకు పోయినప్పుడు, గోడలపై తమ పేర్లు గీయక, ఆ పరదేశి పేరును తలచుకొని రావలెనని మేము కోరుచున్నాము.