స్వామి పేరున్న ల్యాబ్

ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్‌కి స్వామి జ్ఞానానంద పేరుంటుంది. నేను పుట్టి పెరిగింది వన్ టౌన్‌లోనే. అయినా మొన్నటిదాకా ఆయనెవరో ఆశ్రమం స్వామీజీ, డొనేషన్ ఇచ్చుంటారులే అనుకున్నా. తీరా చూస్తే సైంటిస్టు ఆయనే!

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. ఇల్లొదిలి హిమాలయాలకు వెళ్లి ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. తర్వాత జర్మనీ వెళ్లిందీ యోగం గురించి చెప్పడానికే. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని పట్టేసింది. పాఠం చెప్పడానికి వెళ్లిన మనిషి, ముప్పై దాటాక, స్టూడెంట్ అయిపోయారు. ప్రేగ్‌లో ఎక్స్‌రేల మీద డాక్టరేట్ చేసేసరికి నలభై దగ్గర పడ్డాయి.

ఇక్కడ నా గొడవ కొంచెం. ఇంటర్ అయ్యాక నాకు ఫిజిక్స్ చదవాలనుండేది. ఇంట్లో సీఎస్ఈ అన్నారు, నేనూ పెద్దగా పోట్లాడలేదు. ఇంక లేటయిపోయిందిలే అని నాకు నేనే చెప్పుకుంటుంటాను. ఈయన వయసు లెక్కేసినప్పటి నుంచి ఆ మాట అనాలంటే మొహమాటంగా ఉంది.

ప్రేగ్ తర్వాత లివర్‌పూల్. అక్కడ న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. బీటా కిరణాలంటే అణుకేంద్రంలోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. అయస్కాంతంతో వాటి దారి వంచి, ఎంత వంగిందో చూస్తే వేగం తెలుస్తుంది. మధ్యలో గాలి ఉంటే అవి గుద్దుకుని చెల్లాచెదురైపోతాయి, లెక్క తప్పుతుంది. అందుకే గాలి తీసెయ్యడం ఆయనకి పెద్ద పనైంది. దాని మీద హై వాక్యూవా అని ఓ పుస్తకమే రాశారు. రచయిత పేరు అట్ట మీద కూడా స్వామి జ్ఞానానందే. సన్యాసం వదల్లేదు, ఫిజిక్సూ వదల్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక తిరిగొచ్చి, మన విశాఖలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖని నిలబెట్టారు. 1969లో పోయారు.

ఆయన కొలిచిన ఆ ఎలక్ట్రాన్లలో ఇంకో విశేషం 1957లో బయటపడింది. అవి ఎక్కువగా ఒకే వైపు, ఎడమచేతి వాటంగా, స్పిన్ అవుతూ వస్తాయి. 1978లో అమెరికాలోని స్లాక్‌లో, లేజర్ వెలుగుని గాలియం ఆర్సెనైడ్ మీద వేసి, అలా ఒకే వైపు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ బీమ్ తయారుచేశారు. కుడి స్పిన్‌కీ ఎడమ స్పిన్‌కీ తేడా సుమారు పదివేలలో ఒక వంతు. దాన్నీ పట్టుకున్నారు. ఆ బీమ్ వెళ్లే గొట్టంలోనూ గాలి ఉండకూడదు.