హ్యూబర్ట్ హంఫ్రీ: ప్రైమరీ ఓటరు విలువను తన ఓటములతో చాటిన నేత

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు సమీపించిన ప్రతిసారీ ప్రైమరీ అనే మాట ప్రపంచమంతటా వినిపిస్తుంది. ఒక పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు పోటీచేయాలో పార్టీ పెద్దలు కాక, ఆయా రాష్ట్రాల సామాన్య ఓటర్లు తేల్చే ముందస్తు ఎన్నిక అది. ప్రైమరీలు ఇరవయ్యవ శతాబ్దం ఆరంభం నుంచే ఉన్నప్పటికీ, అభ్యర్థి ఎంపికలో వాటిదే తుది మాట కావడం 1972 నుంచే మొదలైంది. ఈ మార్పుకు ముందూ వెనుకా కూడా బరిలో నిలిచిన నాయకుడు హ్యూబర్ట్ హంఫ్రీ. ఓటర్లు తూచి చూసినప్పుడు ఆయన ఓడిపోయారు. ఓటర్లను అడగనప్పుడు అభ్యర్థిత్వం ఆయనకు దక్కింది. కానీ ఆ అభ్యర్థిత్వమే ఆయనకు గుదిబండగా మారింది.

మందుల దుకాణం నుంచి సెనేట్‌కు

హంఫ్రీ 1911 మే 27న దక్షిణ డకోటా రాష్ట్రంలోని వాలెస్ అనే చిన్న ఊరిలో, తండ్రి నడిపే మందుల దుకాణం పైఅంతస్తులో జన్మించారు. ఆర్థిక మాంద్యం ఆ కుటుంబాన్ని దెబ్బతీయగా, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చదువు ఆపి తండ్రికి తోడుగా దుకాణంలో నిలబడ్డారు. ఔషధశాస్త్ర శిక్షణ పొంది కొన్నేళ్లు మందులు అమ్మారు. పేదరికం మనిషిని ఎలా కుంగదీస్తుందో ఆ దుకాణంలోనే ఆయనకు తెలిసివచ్చింది. తిరిగి చదువు అందుకుని 1939లో పట్టా పుచ్చుకున్నారు. కొంతకాలం రాజనీతి శాస్త్రం బోధించారు. 1945లో మినియాపోలిస్ నగర మేయరుగా ఎన్నికయ్యారు. ఉద్యోగాలలో జాతి, మత వివక్షను నిషేధించే శాసనాన్ని ఆ నగరంలో అమలులోకి తెచ్చారు.

1948లో ఫిలడెల్ఫియాలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ ఆయనను దేశానికి పరిచయం చేసింది. నల్లజాతీయుల పౌరహక్కులకు పార్టీ నిస్సంకోచంగా కట్టుబడి ఉండాలని ముప్పై ఏడేళ్ల ఈ మేయరు వేదికపై నుంచి వాదించారు. తీర్మానం నెగ్గింది. నిరసనగా మిసిసిపీ ప్రతినిధులందరూ, అలబామా ప్రతినిధులలో సగం మందీ సభ విడిచి వెళ్లిపోయారు. అదే ఏడాది మిన్నెసోటా ప్రజలు ఆయనను సెనేట్‌కు పంపారు.

వెస్ట్ వర్జీనియా తీర్పు

1960లో హంఫ్రీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ప్రైమరీల బరిలోకి దిగారు. ప్రత్యర్థి మసాచుసెట్స్ సెనేటర్ జాన్ కెనెడీ. తొలి ప్రధాన పోరు మిన్నెసోటాకు పొరుగున ఉన్న విస్కాన్సిన్‌లో జరిగింది. పది కాంగ్రెస్ జిల్లాలలో కెనెడీ ఆరింటిని, హంఫ్రీ నాలుగింటిని గెలుచుకున్నారు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్నచోట కెనెడీ, ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్నచోట హంఫ్రీ ముందున్నారన్న విశ్లేషణ బలంగా వినిపించింది. కాథలిక్ మతస్థుడు అప్పటివరకు అమెరికా అధ్యక్షుడు కాలేదు. 1928లో కాథలిక్ అయిన అల్ స్మిత్ చిత్తుగా ఓడిన జ్ఞాపకం పార్టీని వెంటాడుతూనే ఉంది.

అందువల్ల మే 10న జరిగిన వెస్ట్ వర్జీనియా ప్రైమరీపై అందరి దృష్టీ పడింది. బొగ్గు గనులు మూతపడి నిరుద్యోగం తాండవిస్తున్న ఆ రాష్ట్రంలో అత్యధికులు ప్రొటెస్టెంట్లు. అక్కడి ఓటరు ముందు కష్టమైన తూకమే నిలిచింది. ఒక పళ్లెంలో తమవలె పేదరికం చవిచూసిన, కార్మికుల పక్షాన ఏళ్ల తరబడి నిలిచిన హంఫ్రీ. మరో పళ్లెంలో సంపన్న కుటుంబానికి చెందిన, యుద్ధంలో ధైర్యసాహసాలు చూపిన, తమ మతానికి చెందని కెనెడీ. మతం కారణంగా ఒక పౌరునికి అధ్యక్ష పదవిని నిరాకరించవచ్చునా అన్న ప్రశ్నను కెనెడీ సూటిగా ఓటర్ల ముందుంచారు. దాంతో ఆయనకు ఓటు వేయడమంటే సహనానికి ఓటు వేయడమన్న భావన వ్యాపించింది.

ధనబలంలో ఇరువురికీ పోలికే లేదు. కెనెడీ ప్రచారానికి డబ్బు కొరత లేదు. హంఫ్రీ బస్సులో ఊరూరా తిరిగారు. అనారోగ్య కారణాల వల్ల హంఫ్రీ రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొనలేకపోవడాన్ని కెనెడీ పక్షాన ప్రచారం చేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కుమారుడు ఎత్తిచూపారు. ఫలితాలలో కెనెడీకి సుమారు 61 శాతం, హంఫ్రీకి 39 శాతం ఓట్లు వచ్చాయి. ఆ రాత్రే హంఫ్రీ పోటీనుంచి తప్పుకున్నారు. జీవితమంతా వివక్షపై పోరాడిన నాయకుడు, ఓటర్లు తమ పాత దురభిమానాన్ని పక్కన పెట్టిన రోజునే ఓడిపోవడం చరిత్రలోని ఒక వైచిత్రి.

ఓటమి ఆయనను కుంగదీయలేదు. 1964 పౌరహక్కుల బిల్లును సెనేట్‌లో నడిపించే బాధ్యతను ఆయనే వహించారు. రెండు నెలలకు పైగా సాగిన అడ్డగింపు ప్రసంగాలకు తెరదించే తీర్మానం 71–29 ఓట్లతో నెగ్గింది. ఆ ఏడాదే లిండన్ జాన్సన్‌తో కలిసి పోటీచేసి ఉపాధ్యక్షునిగా ఎన్నికయ్యారు.

భారత్‌తో అనుబంధం

భారతీయులకు హంఫ్రీ పేరు మరో విధంగానూ సంబంధించినది. అమెరికా మిగులు ధాన్యాన్ని ఆహార కొరత ఉన్న దేశాలకు అందించే పీఎల్-480 కార్యక్రమాన్ని విస్తరించాలని సెనేట్‌లో పట్టుబట్టిన వారిలో ఆయన ముఖ్యులు. 1960వ దశకంలోని కరవు సంవత్సరాలలో ఆ గోధుమలు మన దేశ చౌక దుకాణాలకు చేరాయి. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి అంత్యక్రియలకు అమెరికా ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించి ఆయన ఢిల్లీ వచ్చారు.

ఓటరును అడగని విజయం

వియత్నాం యుద్ధం హంఫ్రీ రాజకీయ జీవితాన్ని మలుపు తిప్పింది. యుద్ధాన్ని విస్తరించవద్దని 1965 ఫిబ్రవరిలో ఆయన జాన్సన్‌కు రహస్య లేఖ రాశారు. ఫలితంగా కీలక సమాలోచనలకు దూరమయ్యారు. తరువాత ఆ యుద్ధాన్నే బహిరంగంగా సమర్థిస్తూ తిరిగారు.

1968 మార్చిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో యుద్ధ వ్యతిరేకి యూజీన్ మెకార్తీ 42 శాతం ఓట్లు సాధించి, పదవిలో ఉన్న అధ్యక్షుణ్ణి కలవరపరిచారు. రాబర్ట్ కెనెడీ కూడా రంగంలోకి దిగారు. మార్చి 31న జాన్సన్ పోటీనుంచి వైదొలగారు. హంఫ్రీ ఏప్రిల్ 27న అభ్యర్థిత్వం ప్రకటించేనాటికి ప్రైమరీలలో చేరే గడువులు దాదాపు ముగిశాయి. ఆయనకు వాటి అవసరమూ అంతగా లేదు. నాడు అధిక సంఖ్యాక ప్రతినిధులను రాష్ట్రాల పార్టీ పెద్దలే ఎంపిక చేసేవారు. ఇటు ఓటర్లు మాత్రం యుద్ధాన్ని వ్యతిరేకించే ఇద్దరిలో ఎవరు మేలని తూచుకుంటూ వచ్చారు. ఒరెగాన్ మెకార్తీని, కాలిఫోర్నియా కెనెడీని ఎంచుకున్నాయి. కాలిఫోర్నియా విజయం ప్రకటించిన రాత్రే కెనెడీపై కాల్పులు జరిగాయి. జూన్ 6న ఆయన మరణించారు.

ఆగస్టులో షికాగో మహాసభ హంఫ్రీని మొదటి విడత ఓటింగులోనే అభ్యర్థిగా ఎన్నుకుంది. వెలుపల వీధులలో యువకులపై పోలీసుల లాఠీలు విరుగుతుండగా దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఒక్క ప్రైమరీలోనూ పోటీచేయని వ్యక్తి తమకు అభ్యర్థి ఎలా అయ్యారని లక్షలాది ఓటర్లు ప్రశ్నించారు. సెప్టెంబరు 30న బాంబుదాడులు ఆపుతానని ప్రకటించాక గాని ఆయన ప్రచారం కోలుకోలేదు. నవంబరులో రిచర్డ్ నిక్సన్ చేతిలో ఒక శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో ఓడిపోయారు.

మారిన నిబంధనలు, మారని ఫలితం

షికాగో అనుభవం తరువాత, ప్రతినిధుల ఎంపికను పెద్దల గదులనుంచి బయటికి తేవడానికి పార్టీ ఒక సంఘాన్ని నియమించింది. జార్జ్ మెక్‌గవర్న్, డొనాల్డ్ ఫ్రేజర్ దానికి ఒకరి తరువాత ఒకరు సారథ్యం వహించారు. కొత్త నిబంధనలతో ప్రైమరీల సంఖ్య పెరిగింది. 1972లో హంఫ్రీ ఆ నిబంధనల కిందనే మరల పోటీచేశారు. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా ఆయనను గెలిపించాయి. ప్రైమరీలన్నిటిలో పోలైన ఓట్లను కలిపి చూస్తే మెక్‌గవర్న్ కన్నా ఆయనకే స్వల్పంగా ఎక్కువ వచ్చాయి. కానీ కాలిఫోర్నియాలో గెలిచినవారికే ప్రతినిధులందరూ దక్కే పద్ధతి ఉండేది. అక్కడ సుమారు ఐదు శాతం తేడాతో ఓడడంతో ఆయన ఆశలు అడుగంటాయి. అక్కడి చర్చలలో మెక్‌గవర్న్ విధానాలపై ఆయన చేసిన విమర్శలు నవంబరులో నిక్సన్ పక్షానికి ఆయుధాలయ్యాయి. 1976లో ఎందరో కోరినా ఆయన ప్రైమరీల జోలికి పోలేదు.

క్యాన్సర్‌తో బాధపడుతూ 1978 జనవరి 13న మిన్నెసోటాలోని వేవర్లీలో హంఫ్రీ కన్నుమూశారు. మరణానికి ముందు నిక్సన్‌కు స్వయంగా ఫోన్ చేసి, తన సంస్మరణ సభకు రమ్మని కోరారు. రాజీనామా తరువాత నిక్సన్ వాషింగ్టన్‌లో అడుగుపెట్టింది ఆ సందర్భానికే. హంఫ్రీ పేరిట అదే ఏడాది మొదలైన ఫెలోషిప్ ద్వారా భారతీయులతో సహా అనేక దేశాల అధికారులు, వృత్తినిపుణులు అమెరికాలో అధ్యయనం చేశారు.

ప్రైమరీ ఓటరు ఎల్లప్పుడూ యోగ్యుణ్ణే ఎంచుకుంటాడని ఈ జీవితం నిరూపించదు. మతం, ధనం, యుద్ధం, నిబంధనలలోని కిటుకులు ఆ తూకంలో తమ బరువును చూపుతూనే ఉంటాయి. 1960లో ఓటర్ల తీర్పుకు తలవంచిన హంఫ్రీ గౌరవం తగ్గలేదు. 1968లో వారి తీర్పు లేకుండా దక్కిన అభ్యర్థిత్వం మాత్రం, ఎంత సమర్థుడైనా ఆయనకు నిలువనీడ ఇవ్వలేకపోయింది.