దీన్ దయాళ్: మెప్పును శ్రమగా మార్చుకొన్న ఛాయాచిత్రకారుడు

ఒక చిత్రాన్ని చూచి బాగున్నదనుట సులభం. బాగులేదనుట అంతకంటె సులభం. ఆ చిత్రం తీసినవానిచేత రేపు ఇంతకంటె మేలైన చిత్రం తీయించుట మాత్రం కష్టం. ఈ మూడవ పని చేయగల పెద్దలు కొందరు దొరికినందువల్లనే, ఇండోర్‌లో పటములు గీచుకొనే ఒక ఉద్యోగి హైదరాబాదు నిజాము ఆస్థానంలో ఛాయాచిత్రకారుడు కాగలిగాడు. ఆయనే రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోర్ మరామతు శాఖలో చేరాడు. కట్టడాలకు అంచనాలు వేయుట, నకాశాలు గీయుట ఆయన ఉద్యోగం. ఛాయాచిత్రకళ వృత్తి కాదు. తీరిక వేళల్లో పట్టిన అభిరుచి మాత్రమే.

నాటి ఛాయాచిత్రణం నేటివలె వ్రేలి మొనతో అయ్యేది కాదు. గాజుపలకపై రసాయనద్రవం పూసి, తడి ఆరకముందే కెమెరాలో ఉంచి, వెలుగు సోకించి, వెంటనే చీకటి గుడారంలో కడుగవలసి వచ్చేది. లెక్క ఏ మాత్రం తప్పినా పలక చెడిపోయేది. ఇట్టి పనిలో కొత్తవాడు ఒంటరిగా ఎంతో దూరం పోలేడు. చూచి చెప్పగల కన్ను ఒకటి తోడు కావాలి.

దీన్ దయాళ్‌కు ఆ తోడు రెండు దిక్కులనుంచి వచ్చింది. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆయనను ప్రోత్సహించాడు. మధ్య భారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధియైన సర్ హెన్రీ డేలీ ఆయన పనిని ఆదరించాడు. వారి ఆదరణ వట్టి మెచ్చుకోలుతో ఆగలేదు. అది పనిగా మారింది. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు ఆ వైభవాన్ని చిత్రించే అవకాశం దీన్ దయాళ్‌కు దక్కింది. నిన్నటి చిత్రానికి దొరకిన మెప్పు రేపటి చిత్రానికి బాధ్యత అయింది.

ఆ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ మరింత కఠినమైన పరీక్ష పెట్టాడు. 1882లో బుందేల్ఖండ్ యాత్రకు దీన్ దయాళ్‌ను వెంటబెట్టుకొని పోయి, అక్కడి ప్రాచీన కట్టడాలను చిత్రింపజేశాడు. ఇట్టి చిత్రాలకు అందం ఒక్కటే చాలదు. స్తంభం నిటారుగా నిలువవలె. శిల్పపు చెక్కడం నీడలో మునిగిపోరాదు. ఆ చోటు ఎన్నడూ చూడనివానికి సైతం కట్టడం కొలతలు మనసుకు తట్టవలె. నకాశాలు గీచిన చేయి, అంచనాలు వేసిన కన్ను ఇక్కడ అక్కరకు వచ్చాయి. ఆ చిత్రాలలో 86 చేరిన గ్రంథం 1886లో వెలువడింది.

ఇక్కడ ఆయన జీవితం రెండు దారుల కూడలికి వచ్చింది. ఒకవంక నెలనెలా జీతమిచ్చే సర్కారు కొలువు. మరొకవంక రసాయనాలకూ, పలకలకూ డబ్బు మింగే వృత్తి. దీన్ దయాళ్ కొలువు వదలుకొన్నాడు. 1880ల దశకంలోనే దక్షిణానికి వచ్చి సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ఆదరించి, ముసవ్విర్ జంగ్ అనే బిరుదుతో సత్కరించాడు.

పేరు వచ్చిన పిమ్మట కూడా ఆయన ఎదుటివారి ఇబ్బందిని గుర్తించుట మానలేదు. ఘోషా స్త్రీలు పరపురుషుని కెమెరా ముందు కూర్చుండరు. వారి కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా చిత్రశాల తెరచి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. లోపం వచ్చేవారిది కాదు, తన ఏర్పాటుదేనని గ్రహించినవాడే ఇట్టి మార్పు చేయగలడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన పనికి బహుమానం లభించింది. 1896లో బొంబాయిలోనూ చిత్రశాల వెలసింది. మరుసటి ఏడు విక్టోరియా రాణి నుంచి రాజపత్రం అందింది.

దర్బారులు, వేట విడుదులు, మేడలు మాత్రమే గాక, 1900 ప్రాంతపు కరవులో సాగిన సహాయ కార్యాలను కూడా ఆయన చిత్రశాల పలకలపై నిలిపింది. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి ఏడాది, 1905 జులై 5న, దీన్ దయాళ్ కన్నుమూశాడు. 1989లో ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2006లో తపాలాశాఖ ఆయన పేర స్మారక బిళ్ళ వెలువరించింది.

నేడు గాజుపలకతో పని లేదు. కొత్తకోట బడిపిల్లవాడు సైతం ఊరి చెరువునో, వేరుశనగ చేనునో, గుట్టమీది బండలనో చేతి ఫోనులో బంధించి ఉపాధ్యాయుని ముందుంచగలడు. అప్పుడు బాగున్నదని పంపివేస్తే బాలుడు అక్కడే ఆగిపోతాడు. బాగులేదని త్రోసివేస్తే ఫోను ముడుచుకొంటాడు. చెరువుగట్టు వంకరగా వచ్చిందనీ, ఎండ నడినెత్తికి రాకముందే పోతే బండల మీది గీతలు తేటపడుననీ చెప్పి, రేపు మరల తీసుకొని రమ్మంటే, వానికి ఒక పని దొరకుతుంది. విన్న బాలుడు కూడా వాదించుటకంటె మరునాటి చిత్రంతోనే బదులు చెప్పవలె. ఇండోర్ నకాశాదారు హైదరాబాదు దర్బారు చేరిన దారి అదే.