వేడికి ఎత్తిపోత – లార్డ్ కెల్విన్

నీరు పల్లమెరుగు అన్నది సామెత. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల రైతులకు ఇది నిత్యానుభవం. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీరు పల్లపు చేలకు తనంతట తానే పారుతుంది. మెరక చేనుకు ఎక్కాలంటే మాత్రం ఇంజను పెట్టి ఎత్తిపోయవలసిందే. వేడి స్వభావమూ ఇటువంటిదే. అది వెచ్చని చోటు నుంచి చల్లని చోటుకే తనంతట తాను ప్రసరిస్తుంది. దానిని ఎదురు దిశలో ఎత్తిపోసి భవనాలను వెచ్చబరచవచ్చునని లెక్కలతో నిరూపించిన మేధావి లార్డ్ కెల్విన్.

ఆయన అసలు పేరు విలియం థామ్సన్. 1824 జూన్ 26న ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో జన్మించాడు. ఆరేళ్ళ ప్రాయంలోనే తల్లిని కోల్పోయాడు. గణితోపాధ్యాయుడైన తండ్రి పిల్లలకు తానే చదువు చెప్పాడు. తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించడంతో కుటుంబం స్కాట్లండుకు తరలింది. థామ్సన్ పదేళ్ళకే ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థి అయ్యాడు. కేంబ్రిడ్జిలో గణితం అభ్యసించి, 1846లో, ఇరవై రెండేళ్ళ వయసులో, గ్లాస్గోలోనే భౌతికశాస్త్రాచార్యుడై, ఆ పీఠాన్ని 53 సంవత్సరాలు అలంకరించాడు.

ఆ రోజులలో ఉష్ణాన్ని గూర్చి రెండు భావనలు పరస్పరం విభేదించాయి. ఎత్తు నుంచి పడే నీరు చక్రాన్ని తిప్పినట్లే, వేడి దిగువ ఉష్ణోగ్రతకు జారుతూ యంత్రాన్ని నడుపుతుందనీ, నీటివలెనే అదీ తరగదనీ ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో ప్రతిపాదించాడు. వేడి పనిగానూ, పని వేడిగానూ మారుతాయని జేమ్స్ జౌల్ ప్రయోగాలు తెలిపాయి. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో జౌల్ ప్రసంగం విన్న థామ్సన్ దానిని వెంటనే అంగీకరించలేదు; తోసిపుచ్చనూ లేదు. ఏళ్ళ తరబడి మథనపడ్డాడు. చివరకు వేడిలో కొంత భాగం పనిగా మారుతుందని ఒప్పుకొని, 1851 నాటికి కార్నో, జౌల్ భావనలలోని సత్యాలను సమన్వయించాడు. ఉష్ణగతిక శాస్త్రానికి అది గట్టి పునాది అయింది.

ఆ పునాది మీదనే 1852లో ఆయన ఒక యంత్రాన్ని ప్రతిపాదించాడు. బయటి గాలిని ఒక సిలిండరులో వ్యాకోచింపజేస్తే అది చల్లబడుతుంది. అప్పుడు పరిసరాల నుంచి వేడిని గ్రహిస్తుంది. దానిని తిరిగి సంపీడనం చేస్తే వేడెక్కి గదిలోకి చేరుతుంది. ఇదే క్రమాన్ని తిరగవేస్తే గది చల్లబడుతుంది. పొయ్యిలో కాల్చిన బొగ్గు తనలోని వేడిని మించి ఇవ్వలేదు. ఈ యంత్రమో, బయటి గాలిలోని వేడిని కూడా తోడి తెస్తుంది. కనుక ఖర్చయిన పనికంటె గదికి చేరే వేడి ఎక్కువ. ఇందులో శక్తి కొత్తగా పుట్టదు. ఉన్నచోటు నుంచి కావలసిన చోటికి చేరుతుంది.

బొగ్గు చౌకగా దొరికే ఆనాటి సమాజం ఈ ఆలోచనను పట్టించుకోలేదు. థామ్సన్ మాత్రం నిరుత్సాహపడక ఇతర పరిశోధనలలో నిమగ్నుడయ్యాడు. 1866లో అట్లాంటిక్ సముద్రగర్భ తంతివ్యవస్థ విజయానికి తోడ్పడి సర్ బిరుదు పొందాడు. 1892లో ప్రభువర్గంలో స్థానం లభించగా, తన విశ్వవిద్యాలయం చెంత ప్రవహించే కెల్విన్ నది పేరును స్వీకరించాడు. పరమ శూన్యం నుంచి లెక్కించే ఉష్ణోగ్రతా ప్రమాణం నేడు ఆయన పేరనే వ్యవహారంలో ఉంది. 1907 డిసెంబరు 17న ఆయన కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు.

ఆయన మరణించిన మూడు దశాబ్దాలకు, 1938లో, స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగర సభాభవనాన్ని లిమ్మట్ నది నీటి నుంచి తోడిన వేడితో వెచ్చబరచారు. నేడు వైశాఖమాసపు ఎండలలో తెనాలిలోనో, బాపట్లలోనో గదిని చల్లబరచే ఎయిర్ కండిషనర్ కూడా లోపలి వేడిని బయటికి ఎత్తిపోసే యంత్రమే. గాలికి బదులు సులభంగా ఆవిరయ్యే ద్రవం అందులో ప్రవహిస్తుంది. దిశ మార్చే ఏర్పాటు ఉంటే అదే యంత్రం చలిదేశాలలో ఇంటిని వెచ్చబరుస్తుంది.

తనకు నచ్చిన సిద్ధాంతానికి విరుద్ధమైన సత్యం ఎదురైనప్పుడు, దానిని ఓర్పుతో పరిశీలించి స్వీకరించడమే కెల్విన్ జీవితం విద్యార్థులకు అందించే సందేశం.