నిరంతర అన్వేషి – ఎల్లాప్రగడ సుబ్బారావు

పరీక్షలో వచ్చిన మార్కులు, చేతికందిన పట్టా, దొరికిన ఉద్యోగం – వీటినే మనిషి విజయానికి కొలతలుగా లోకం భావిస్తుంది. ఆ కొలతలతో చూస్తే ఎల్లాప్రగడ సుబ్బారావు తొలి యౌవనం పరాజయాల పరంపరగానే కనిపిస్తుంది. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. వైద్యవిద్యలో కోరిన పట్టా ఆయనకు దక్కలేదు. అయినప్పటికీ నేడు దేశదేశాల్లో అసంఖ్యాకులైన రోగులు వాడుతున్న కొన్ని ఔషధాల వెనుక ఆయన కృషి ఉంది. ఆ పరాజయాల నుండి ఈ ఫలితం వరకు ఆయన నడిచిన దారి విద్యార్థులు తెలుసుకోదగినది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం నుండి విరమించడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. పదమూడేళ్ల ప్రాయంలో సుబ్బారావు కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. ఇంటివారు ఆయనను వెనుకకు తీసుకొని వచ్చారు. తల్లి వెంకమ్మ పట్టుదలతో మళ్లీ బడికి పంపారు. చివరకు మూడవ ప్రయత్నంలో మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి ఆయన మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనస్సు వైరాగ్యం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం స్వీకరించాలని సంకల్పించారు. తల్లి అందుకు సమ్మతించలేదు. మిషన్ పెద్దలు వైద్యం నేర్చి రోగులకు సేవ చేయమని సూచించారు. ఒకనాడు ధనం కోరిన బాలుడు, తరువాత సర్వం త్యజించాలనుకున్న యువకుడు, ఇప్పుడు తన అంతరంగంలోని అసలు కోరికను గుర్తించాడు. ఇతరుల బాధను తొలగించడమే ఆ కోరిక. కాషాయం లేకుండానే అది నెరవేరగలదని గ్రహించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఆ కోరికను ఇంటి విషాదం మరింత దృఢపరిచింది. స్వల్ప వ్యవధిలోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. ఆయనకూ ఆ వ్యాధి సోకగా ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. రోగికి మందు ఇవ్వడం ఒక ఎత్తు, ఆ మందు ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడం మరొక ఎత్తు. సుబ్బారావు ఆసక్తి ఈ రెండవ దానిపై నిలిచింది.

అది జాతీయోద్యమ కాలం. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. అది ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా 1921లో ఆయనకు ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి పట్టా అయిన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య కొలువు అందలేదు. ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా చేరి తన ప్రశ్నలకు సమాధానాలు వెదకసాగారు. పరీక్షకుల తీర్పు ఆయన పట్టాను తగ్గించింది కాని ఆయన జిజ్ఞాసను తగ్గించలేకపోయింది.

మామగారి చేయూతతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను 1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా చిన్నపనులు చేస్తూ హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదివారు. తరువాత సైరస్ ఫిస్కేతో కలిసి జీవరసాయన పరిశోధన చేశారు. రక్తం, మూత్రం వంటి వాటిలో భాస్వరం పరిమాణాన్ని కొలిచే వారి పద్ధతి 1925లో వెలువడింది. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, జీవకణాలకు శక్తినందించే ఏ.టి.పి.ని గుర్తించడంలోను వారి కృషి ప్రసిద్ధమైంది. 1930లో సుబ్బారావు డాక్టరేట్ పొందారు. అయితే హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత పదవి లభించలేదు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడింది. నేడు ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేది కూడా అదే. ఆ బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు చికిత్స చేసి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకకు తగ్గడం చూశారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. దానికి దగ్గరి ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు నివారణకు ఉపయోగించే డైఇథైల్ కార్బమజైన్, తొలి టెట్రాసైక్లిన్ ఔషధమైన ఆరియోమైసిన్ కూడా అక్కడి పరిశోధనల ఫలితాలే.

ఈ సాధనకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. భార్య శేషగిరిని విడిచి వెళ్లిన ఆయన మరల స్వదేశానికి రాలేదు. పసివాడైన కుమారుని మరణవార్తను పరదేశంలోనే విన్నారు. కీర్తిని ఆశించక సహచరులను ముందు నిలిపిన కారణంగా ఆయన పేరు చాలాకాలం మరుగున పడింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

సుబ్బారావు జీవితంలో ప్రతి మలుపు వద్ద రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. లోకం తనను గూర్చి ఏమనుకొంటున్నది అనేది మొదటిది. తాను నిజంగా కోరుతున్నది ఏమిటి అనేది రెండవది. మొదటి ప్రశ్నకు ఆయనకు తరచుగా ప్రతికూలమైన సమాధానమే లభించింది. రెండవదానికి సమాధానం ఏళ్లు గడిచేకొద్దీ స్పష్టమవుతూ వచ్చింది. అది ఒక్కనాటి ఆలోచనతో తేలినది కాదు. తప్పటడుగులు, దుఃఖం, పెద్దల సలహా, కఠోర శ్రమ కలిసి దానిని తేల్చాయి. కళాశాల జీవితం ఆ రెండవ ప్రశ్నను ఎవరికివారు వేసుకోవడానికి అనువైన కాలం. సమాధానం ఆలస్యమైనా విద్యార్థులు అధైర్యపడనవసరం లేదు.