యెల్లాప్రగడ సుబ్బారావు

కృష్ణానది కుడి యొడ్డున, రేపల్లెకు సమీపమున, పెనుమూడి యను గ్రామము కలదు. ఎదుటి యొడ్డున పులిగడ్డ. అచ్చటినుండి ఉత్తరముగా గోదావరి వరకును సాగిన నేల యంతయు కాలువల నేల. 1852లో ధవళేశ్వరమువద్దను, 1855లో బెజవాడవద్దను ఆనకట్టలు పూర్తి కాగా ఈ ప్రాంతము వరిచేలతో పచ్చబడెను; గాదెలు నిండెను. కాని గ్రామములలో మురుగు పోవు త్రోవ లేక ఇండ్ల వెనుక గుంటలలో నీరు నిలిచెను. ఆ మురుగునీట పుట్టిన దోమ, రాత్రివేళ ఒకని రక్తమునుండి మరియొకని దేహములోనికి ఒక సన్నని పురుగును మోసికొని పోవుచుండెను. ఆ పురుగు తెచ్చిపెట్టు వ్యాధియే బోదకాలు.

బోదకాలు సాధారణముగా ప్రాణము తీయదు, బ్రతుకుతెరువును తీయును. మొదట చలిజ్వరము వచ్చును. గజ్జలలో బిళ్ళ కట్టును. కాలు వాచి, కొన్ని దినములకు తగ్గును. ఇట్లు పలుమారులు జరిగిన పిమ్మట వాపు తగ్గుట మానును. చర్మము దళసరియై, మడతలుపడి, కాలు ఏనుగు కాలివలె నగును. నాట్లు వేయువాడు మడిలో దిగలేడు. బరువులు మోయువాడు గట్టెక్కలేడు. పాదమునకు చెప్పు తొడుగుటకును వీలుండదు. కొందరు దానిని పూర్వజన్మ పాపమనిరి. కొందరు ఊరి నీటి దోషమనిరి. ఆడపిల్లకు వచ్చినచో పెండ్లి నిలిచిపోయెడిది. రోగి నడకను చూచి నవ్వినవారును లేకపోలేదు; ఆ నవ్వు వ్యాధికంటె కఠినమైనది.

ఈ పురుగు పిల్లలను రక్తమునుండి తొలగించు మందును 1947లో లోకమునకు అందించిన పరిశోధకబృందమునకు నాయకుడు తెలుగువాడు. అతడు పుట్టినదియు ఇట్టి కాలువల నేలమీదనే. అతడే యెల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి ప్రభుత్వోద్యోగి, కాని అనారోగ్యముచే ముందుగనే ఉద్యోగము విడువవలసివచ్చెను. ఇంటి పెద్ద పనిచేయలేని స్థితికి వచ్చినప్పుడు ఆ యింట అన్నము, చదువు, పరువు అన్నియు ఎట్లు కదలిపోవునో ఆ బాలుడు కన్నులార చూచెను. ఒకమారు అతడు కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెను. పెద్దవారు త్రోవలోనే పట్టుకొని వెనుకకు తెచ్చిరి.

వెంకమ్మ పట్టుదల గల ఇల్లాలు. కుమారునకు చదువు సరిగా అబ్బకున్నను ఆమె ఆశ వదలలేదు. భర్త గతించిన తరువాత తన నగలమ్మి అతనిని చెన్నపట్టణమునకు పంపెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పిన ఆ బాలుడు మూడవమారు అక్కడి హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థుడయ్యెను. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున అతని మనస్సు సన్న్యాసమువైపు తిరిగెను. రామకృష్ణ మఠమున చేరుదునని కోరెను. తల్లి అందులకు సమ్మతింపలేదు. వైద్యుడైనను దీనులను సేవింపవచ్చునను తలంపుతో అతడు మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను.

ఆ చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారును తోడ్పడిరి. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడెను. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న దినములు. సుబ్బారావు శస్త్రవైద్యశాలలోనికి సైతము ఖద్దరు దుస్తులతో పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను సుబ్బారావునకు పూర్తి పట్టము లభింపక, దానికంటె తక్కువదైన ఎల్.ఎమ్.ఎస్. మాత్రమే దక్కెను.

ఆ కుటుంబమును అంతకంటె పెద్ద దెబ్బ మరియొకటి కొట్టెను. సంగ్రహణి యను తెగని విరేచనముల వ్యాధి సుబ్బారావు సోదరులలో ఇద్దరిని కొద్ది దినముల తేడాలో బలిగొనెను. తిన్న అన్నము ఒంటికి పట్టక, రక్తము సన్నగిల్లి, మనుష్యుడు ఎండిపోవు వ్యాధి యది. వైద్యుడై యుండియు సుబ్బారావు ఏమియు చేయలేకపోయెను. ఏలయనగా నాటి పాశ్చాత్యవైద్యమున దానికి మందు లేదు. తరువాత అదే వ్యాధి అతనికిని వచ్చెను. ఆయుర్వేద పండితుడును, పాశ్చాత్యవైద్యము నెరిగినవాడును అయిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సచే అతడు బ్రతికి బయటపడెను. కొంతకాలము మదరాసు ఆయుర్వేద కళాశాలలో బోధకుడుగ పనిచేసెను. ఏ మూలిక, ఏ గుణముచే, ఏ విధమున తన్ను బ్రతికించెనో తెలిసికొనవలెనను కోరిక అతనిని నిలువనీయలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధియొక్కయు మామగారియొక్కయు సాయముతో అతడు ఓడ యెక్కి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. భార్య గర్భవతి. కొలది సంవత్సరములలో తిరిగి వత్తునని చెప్పి బయలుదేరినవాడు మరల స్వదేశమునకు రాలేదు. తరువాత పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. శేషగిరి దీర్ఘకాలము ఎదురుచూచెను. సుబ్బారావు గొప్పతనమును చెప్పుకొనునప్పుడు ఆమె చెల్లించిన మూల్యమును విడిచిపెట్టుట న్యాయము కాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల విద్యను అభ్యసించుచు, పొట్టకూటికై అతడు రాత్రులయందు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచు పని చేసెను. పగలు చదువు, రాత్రి ఆ పని. తరువాత సైరస్ ఫిస్కె యను శాస్త్రజ్ఞునితో చేరి, రక్తములోను మూత్రములోను భాస్వరమెంత యున్నదో కొలుచు పద్ధతిని కనుగొనెను. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఫిస్కె–సుబ్బారావు పద్ధతియను పేర ప్రయోగశాలలలో స్థిరపడెను. 1927లో కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణములకు శక్తినిధియైన ఏ.టి.పి.ని వారు వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను నాతడును ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. ఇంత చేసినను హార్వర్డులో సుబ్బారావునకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు.

1940లో అతడు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను చోటనున్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పరిశోధనలకు అధ్యక్షుడయ్యెను. అతని జీవితమున చిట్టచివరి ఎనిమిది సంవత్సరములు అవి. చేసిన పనిని చూచిన ఎనుబది సంవత్సరములన్నను చాలదు.

పాత ఋణము మొదట తీరెను. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు, బొంబాయి నేతమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతను మాన్పు పదార్థమొకటి ఈస్టులో కలదని గుర్తించియుండెను. ఆ పదార్థము ఫోలిక్ ఆమ్లము. 1945లో సుబ్బారావు బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేయు విధానమును సాధించెను. క్యూబా, ప్యూర్టోరికో దీవులలో సంగ్రహణి రోగులకు దానిని ఈయగా వారు తేరుకొనిరి. సోదరులను మ్రింగిన వ్యాధికి మందు దొరికెను. ఆ ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగ పనిచేయు అమినోప్టెరిన్ అను మందును ఆ సంస్థయే తయారుచేసెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తక్యాన్సరు గల 16 మంది పిల్లలకు ఇచ్చెను. 10 మందికి కొంతకాలము గుణము కనిపించెను. అంతకుముందు ఆ పిల్లలకు ఏ మందును పనిచేసి యెరుగదు. ఆ జాతిదే యైన మెథోట్రెక్సేట్ తరువాత క్యాన్సరులకే గాక, వ్రేళ్ళను వంకరలు చేసి మనుష్యుని పనికి దూరము చేయు కీళ్ళవాతమునకును ముఖ్యమైన మందయ్యెను. బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకమును కనుగొన్నదియు ఈ ప్రయోగశాలలోనే.

ఇక బోదకాలి మందు. రెండవ ప్రపంచ సంగ్రామమున పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులలో వేలకొలది మందికి ఈ పురుగు సోకెను. సంపన్నదేశములు బోదకాలును గూర్చి ఆతురపడుట అప్పుడే. డెల్టాలోని కూలివానికి శతాబ్దములుగా కలుగుచున్న బాధ చేయలేని పనిని ఆ భయము చేసెను. సుబ్బారావు క్రింద పనిచేయు శాస్త్రజ్ఞులు వందలకొలది రసాయనములను, ఇట్టి పురుగులే సోకిన ఎలుకలకును కుక్కలకును ఇచ్చి పరీక్షించిరి. తుదకు డైఇథైల్ కార్బమజైన్ అను పదార్థము నిలిచెను. దానికి హెట్రజాన్ అని పేరుపెట్టిరి. నోట వేసికొను మాత్ర, ఖరీదు స్వల్పము. ప్యూర్టోరికోలో రోగులకు ఈయగా రక్తములోని పురుగు పిల్లలు మాయమయ్యెను.

1948 ఆగస్టు 9వ తేదీ ఉదయమున సుబ్బారావు పెర్ల్ రివర్‌లోని తన గదిలో నిద్రలోనే మరణించియుండుటను చూచిరి. వయస్సు 53 సంవత్సరములు. అతడు అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. తన మాత్ర తన దేశపు పల్లెలకు చేరుటను చూడలేదు.

చేరిన తరువాతను దాని ప్రయాణము సులభముగ సాగలేదు. భారత ప్రభుత్వము 1955లో జాతీయ బోదవ్యాధి నివారణ కార్యక్రమమును ఆరంభించి ప్రజలకు మాత్రలు పంచెను. మందుచే పురుగు పిల్లలు చచ్చినప్పుడు కొందరికి జ్వరమును తలనొప్పియు వచ్చును. అది మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు. కాని సంగతి ఎరుగని జనులు భయపడి, మాత్రలను మ్రింగమనిరి. 2004నుండి సంవత్సరమునకొక్కమారు ఊరందరికి మాత్రలిచ్చు పద్ధతి దేశమున విస్తరించెను. తల్లిపురుగు అయిదారేండ్లు బ్రతుకును. ప్రతి సంవత్సరము దాని పిల్లలను చంపుచు పోయినచో, దోమకు మోయుటకేమియు దొరకదు. తల్లిపురుగు వంశము లేక ముసలిదై చచ్చును. రెండేండ్లలోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగులకును ఈ మాత్ర ఈయరు. ఇట్టి పద్ధతులతోనే శ్రీలంకయు థాయిలాండును ఈ వ్యాధిని తమ నేలనుండి తరిమినవి. చైనాలో ఈ మందును ఉప్పులో కలిపి యిచ్చిరి.

అయితే ఒక పని ఈ మందు చేయలేదు. ఉబ్బి గట్టిపడిన కాలును అది మరల మామూలు కాలుగా చేయజాలదు. అట్టివారు దినదినము సబ్బుతో పాదము కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుపై నుంచవలెను. పగుళ్ళగుండ సూక్ష్మజీవులు దూరకున్నచో జ్వరములు తగ్గును. వాపు పెరుగుట నిలుచును. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 స్థితులను పేర్కొని, నూటికి 40 పాళ్ళు లేక అంతకు మించిన లోపము గలవారికి ప్రత్యేక రక్షణలు కల్పించెను. ఆ పట్టికలో బోదకాలునకు వేరుగా పేరు లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మాత్రము, రెండు కాళ్ళకును నాలుగవ స్థాయి బోదకాలు గలవారిని వైద్యుల ధ్రువపత్రముపై నెలనెల పింఛనుకు అర్హులుగ గుర్తించినది. ఒక్క కాలు వాచినవాడును మడిలో దిగలేడన్నది వేరు సంగతి.

పురుగు పిల్లలు పగటివేళ దేహములోపలి భాగములలో దాగి, రాత్రి పొద్దుపోయిన పిమ్మట రక్తములోనికి వచ్చును. అందుచే ఆరోగ్యసిబ్బంది చీకటిపడిన తరువాత లాంతరుతోనో, విద్యుద్దీపముతోనో ఇల్లిల్లు తిరిగి, నిద్రించువారిని లేపి, వ్రేలికొసనుండి నెత్తుటి చుక్కను గాజుపలకపై తీసికొందురు. పురుగు కనిపించిన యింటికి మరునాడు మాత్రలు పోవును.