గాజు పెట్టెలో బుల్లి భూమి.. 50 ఏళ్లు నమ్మని ప్రపంచం! ఇంతకీ ఎవరీ బిర్కెలాండ్?

2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా మెరిసింది. ఆ ఫొటోలు సోషల్ మీడియాలో తెగ వైరల్ అయ్యాయి. కారణం.. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన భూఅయస్కాంత తుపాను. ఇలాంటి తుపాను వచ్చినప్పుడు భూమి చుట్టూ ఏం జరుగుతుందో 120 ఏళ్ల కిందటే ల్యాబ్‌లో మోడల్ కట్టి మరీ చూపించారు ఓ నార్వే ప్రొఫెసర్. పేరు క్రిస్టియన్ బిర్కెలాండ్. కానీ ఆయన చెప్పింది కరెక్టేనని తేలేసరికి, ఆయన చనిపోయి 50 ఏళ్లు దాటిపోయింది.

ఈ తుపానులో గాలి ఉండదు, వాన ఉండదు

భూమి ఓ పెద్ద అయస్కాంతం. దిక్సూచి ముల్లు ఉత్తరం వైపు చూపించేది అందుకే. అప్పుడప్పుడూ ఆ అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా అల్లకల్లోలం అవుతుంది. దాన్నే అయస్కాంత తుపాను అంటారు. 1859 సెప్టెంబర్‌లో వచ్చిన తుపానుకు యూరప్, అమెరికాల్లో టెలిగ్రాఫ్ లైన్లు పనిచేయకుండా పోయాయి. కొన్ని చోట్ల పరికరాల నుంచి నిప్పురవ్వలు లేచాయి.

దీనికి సూర్యుడే కారణమని కొందరు అనుమానించారు. అయితే అప్పట్లో సైన్స్‌లో తిరుగులేని పెద్దమనిషి లార్డ్ కెల్విన్. 1892లో ఆయన లెక్కలు వేసి, అంత దూరంలో ఉన్న సూర్యుడికి అంత శక్తి పంపడం కుదిరే పని కాదని తేల్చేశారు. ఇక చాలామంది ఆ వాదన పక్కన పెట్టేశారు.

పెద్దాయన కాదన్నా..

బిర్కెలాండ్ 1867 డిసెంబర్ 13న ఇప్పటి ఓస్లోలో పుట్టారు. పారిస్, జెనీవా, బాన్‌లలో చదువుకుని, 30 ఏళ్లకే ప్రొఫెసర్ అయ్యారు. గాలి తీసేసిన గాజు గొట్టాల్లో కరెంట్ కిరణాలతో ప్రయోగాలు చేస్తుండగా ఆయన ఓ విషయం గమనించారు. అయస్కాంతం పక్కన పెడితే ఆ కిరణాలు దాని ధ్రువం వైపు లాక్కుపోతున్నాయి.

అక్కడే ఆయనకు ఐడియా తట్టింది. సూర్యుడి నుంచి కూడా ఇలాంటి విద్యుత్ కణాలే వస్తుంటే? భూమి అయస్కాంత క్షేత్రం వాటిని ధ్రువాల వైపు మళ్లిస్తుంటే? ధ్రువాల దగ్గర రాత్రిపూట కనిపించే రంగుల వెలుగులు, అదే అరోరాలు, అయస్కాంత తుపాన్లు రెండింటికీ కారణం ఒకటే అవుతుంది. 1896లోనే ఆయన ఈ మాట బయటపెట్టారు.

ప్రాణాలు పోయిన కొండ

మాట చెబితే సరిపోదు, కొలతలు కావాలి. అందుకే నార్వే ఉత్తరాన, చలికాలంలో సూర్యుడే కనిపించని ప్రాంతానికి టీమ్‌తో వెళ్లారు. తొలి యాత్రల్లో మంచు తుపానులో చిక్కుకున్న ఓ స్టూడెంట్ చేతి వేళ్లు గడ్డకట్టి తీసేయాల్సి వచ్చింది. డాక్టర్ కావాలనుకున్న ఆ కుర్రాడు చదువు మార్చుకున్నాడు. తర్వాత సముద్ర శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న బ్యోర్న్ హెలాండ్ హాన్సెన్ అతనే.

ఆ తర్వాత దాదాపు 900 మీటర్ల ఎత్తున్న హాల్డే కొండ మీద రాతితో అబ్జర్వేటరీ కట్టారు. 1899-1900 చలికాలమంతా అక్కడే ఉన్నారు. 1900లో మంచు చరియలు విరిగిపడి టీమ్‌లోని ఎలిసార్ బోయె చనిపోయారు. అయినా పని ఆగలేదు. 1902-03లో నార్వే, ఐస్‌లాండ్, స్పిట్స్‌బెర్గెన్, నొవాయా జెమ్ల్యాల్లో నాలుగు స్టేషన్లు పెట్టి, ఒకే సమయంలో అన్ని చోట్లా అయస్కాంత క్షేత్రాన్ని కొలిచారు.

ఆ రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు బొమ్మ కనిపించింది. తుపాను వేళ అంతరిక్షం నుంచి అయస్కాంత రేఖల వెంట కరెంట్ కిందికి దిగుతోంది, అరోరా వెంబడి అడ్డంగా పారుతోంది, మళ్లీ పైకి వెళ్లిపోతోంది. ఆయన లెక్క ప్రకారం ఆ కరెంట్ లక్షల ఆంపియర్లు!

పెట్టెలో భూమి

ఇదంతా కళ్లకు కట్టేలా చూపించింది మాత్రం ల్యాబ్‌లోనే. ఓ లోహపు గోళంలో విద్యుదయస్కాంతం పెట్టారు. పైన కిరణాలు తగిలితే మెరిసే పూత పూశారు. గాలి తీసేసిన పెట్టెలో దాన్ని వేలాడదీసి, కరెంట్ కిరణాలు వదిలారు. అంతే.. ఆ బుల్లి భూమి ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు వచ్చాయి! అచ్చం అసలు అరోరాల్లాగే. దీని పేరు టెర్రెల్లా. అంటే చిన్న భూమి. చివరికి ఆయన కట్టిన పెద్ద పెట్టె సైజు వెయ్యి లీటర్లు.

ఫిరంగి ఫెయిల్.. ఎరువు హిట్

వీటన్నిటికీ డబ్బులెక్కడివి? అందుకోసం బిర్కెలాండ్ ఏకంగా కరెంట్‌తో పేలే ఫిరంగి కనిపెట్టారు. 1903లో పెద్ద పెద్దవాళ్లను పిలిచి డెమో ఇచ్చారు. షార్ట్ సర్క్యూట్ అయింది. హాలంతా మంటలు, చప్పుడు. ఫిరంగి కథ అక్కడితో ముగిసింది.

కానీ అదే ఏడాది ఇంజినీర్ సామ్ ఐడె పరిచయమయ్యారు. విద్యుత్ మంటతో గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఎరువు తయారుచేసే పద్ధతిని ఇద్దరూ కలిసి తెచ్చారు. 1905లో పుట్టిన నార్స్క్ హైడ్రో కంపెనీకి పునాది అదే. ఆ డబ్బు బిర్కెలాండ్ పరిశోధనకు ఆసరా అయింది.

టోక్యో హోటల్ గదిలో ఆఖరి రాత్రి

పేరొచ్చింది, నోబెల్‌కు ఏడుసార్లు నామినేషన్ వచ్చింది, ప్రైజ్ మాత్రం రాలేదు. పెళ్లి ఎక్కువ కాలం నిలవలేదు. 1913లో ఈజిప్టు వెళ్లారు. నిద్ర పట్టక వెరొనాల్ అనే నిద్రమాత్రకు అలవాటు పడ్డారు. యుద్ధ సమయంలో తనను ఎవరో వెంటాడుతున్నారన్న భయం పట్టుకుంది. యూరప్‌లో యుద్ధం నడుస్తుండటంతో జపాన్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికి వెళ్లాలనుకున్నారు. ఇల్లు చేరలేదు. 1917 జూన్ 15న టోక్యోలోని హోటల్ గదిలో చనిపోయి కనిపించారు. మోతాదుకు చాలా రెట్లు ఎక్కువ మందు తీసుకున్నట్లు పోస్టుమార్టంలో తేలింది. అప్పటికి ఆయన వయసు 49.

కట్ చేస్తే.. శాటిలైట్ సాక్ష్యం

ఆ తర్వాత ఆయన సిద్ధాంతాన్ని దాదాపు మర్చిపోయారు. బ్రిటన్ గణిత శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ లెక్క వేరు. కరెంట్ అంతరిక్షం నుంచి దిగాల్సిన పనిలేదని, భూమి పై వాతావరణంలోనే చుట్టూ తిరుగుతుందని ఆయన వాదన. చిక్కేంటంటే, నేల మీద కొలతలు చూస్తే రెండు మోడళ్లూ సరిపోతాయి. ఏది నిజమో తేలాలంటే పైకి వెళ్లి కొలవాల్సిందే. స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ లాంటి కొద్దిమంది తప్ప బిర్కెలాండ్ వైపు ఎవరూ నిలబడలేదు.

1960ల్లో అమెరికా నేవీ ఉపగ్రహం ఒకటి దాదాపు 1,100 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా వెళ్తూ అయస్కాంత క్షేత్రంలో తేడాలు పట్టుకుంది. 1973లో ట్రయాడ్ శాటిలైట్ కొలతలతో డౌట్ తీరిపోయింది. కరెంట్ నిజంగానే దిగుతోంది, ఎక్కుతోంది. వాటికి బిర్కెలాండ్ కరెంట్లు అనే పేరు ఖాయమైంది. అలాగని ఆయన చెప్పిన ప్రతిదీ కరెక్ట్ కాదు. సూర్యుడి నుంచి వచ్చేవి రుణావేశ కణాలే అని మొదట్లో అనుకున్నారు. రెండు రకాలూ ఉంటాయని 1916లో ఆయనే దిద్దుకున్నారు.

మన కరెంటుకూ దీనికీ లింకేంటి?

1989 మార్చిలో అయస్కాంత తుపాను దెబ్బకు కెనడాలోని క్యుబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి 9 గంటల పాటు కరెంట్ పోయింది. 2022 ఫిబ్రవరిలో దాదాపు 40 స్టార్‌లింక్ శాటిలైట్లు కూలిపోయాయి. అందుకే ఇప్పుడు తుపాను వేళ భూమి క్షేత్రం ఎలా మారుతుందో కంప్యూటర్ మోడళ్లతో లెక్కగడుతున్నారు. ఆ మోడళ్లలో భూమి చుట్టూ తిరిగే కరెంట్లతో పాటు బిర్కెలాండ్ కరెంట్లనూ కలపాల్సిందే. లేకపోతే లెక్క తప్పుతుంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, దాని చౌటుప్పల్ క్యాంపస్‌లోని అబ్జర్వేటరీలు కూడా భూమి క్షేత్రాన్ని నిత్యం కొలుస్తుంటాయి.

నార్వే తన 200 క్రోనర్ల నోటు మీద బిర్కెలాండ్ బొమ్మ వేసింది. పక్కనే ఆయన బుల్లి భూమి బొమ్మ కూడా. 1994లో వచ్చిన ఆ నోటు చూడటానికి ఆయన లేరు. హాల్డే కొండ మీద ఆ రాతి అబ్జర్వేటరీ మాత్రం ఇంకా ఉంది.